దబ్బణం

మిర్యాలగూడ రైసుమిల్లుల
బస్తా మూతి కుట్టేదాన్ని నేను.
మిషను పాడైన నాడు నా దబ్బణమే దిక్కు.
వాడపల్లి కాడ ఓడ కుట్టాలె, వస్తవా అంటే
నవ్విన.
ఓడను కడతరు గని, కుడతరా ఎవరన్న?

నిఖత్ మేడం నా అరచేతిల ఒక బిళ్ల పెట్టింది.
నకలు. అసలుది మ్యూజియంల అద్దం వెనక ఉన్నదట.
బొటనగోరంత సీసం,
దాని మీద ఓడ, రెండు గడలు,
కింద నీళ్లకని వంకర గీత ఒకటి.
"మేకు కనపడ్తలేదు మేడం" అన్న.
"అందుకే నిన్ను పిలిచిన."

కందోజు భిక్షమాచారి పలకలు చెక్కిండు.
యాభై ఏండ్లు మేకులు కొట్టిన చెయ్యి,
ఊకె ఊకె సుత్తె కోసం తడుముకుంటది.
అంచు పొంటి బెత్తెడుకొక బెజ్జం,
నడుమ కొబ్బరిపీచు,
ఆ పైన నా తాడు.

మొదటి దినం దబ్బణం విరిగింది.
రెండోనాడు అరచెయ్యి పగిలింది.
పాతకాలపోళ్లు ఎట్ల గుంజిన్రు మేడం ఇంత బిగువు?
"ఎవరూ రాసిపెట్టలే. నీ చెయ్యే చెప్పాలె."
నా చెయ్యి చెప్పింది రాసుకున్నది:
ఒక్క మనిషితోని కాదు.
ఒకరు లోపల, ఒకరు బయట.

అట్ల వచ్చింది మా తోడికోడలు ముత్తమ్మ.
ఆమె లోపల, నేను బయట,
నడుమ టేకు పలక.
కందిచేను గట్టు కాడ ఆగిపోయిన మాటలు,
ఆరేండ్లాయె.
తాడు బెజ్జంలకెళ్లి పోతది, వస్తది.
గుంజు అంటే గుంజింది.
ఆపు అంటే ఆపింది.
మాట్లాడినట్టా అది? ఏమో.
మేడం పుస్తకంల దానికి గడి లేదు.

గుగ్గిలం, సున్నం, చేపనూనె కలిపి మెత్తినం.
పదిహేను దినాలు
బస్సుల నా పక్క సీటు ఖాళీ.

మూసీ నల్లగ వచ్చి క్రిష్ణల కలిసే కాడ
పొద్దుగాల్నే దింపినం.
తేలింది.
ఊరంత చప్పట్లు కొట్టినంక
ఒక్కొక్క బెజ్జం కన్ను తెరిచింది.
"నాలుగంటే నాలుగు మేకులు..." భిక్షమాచారి గొణిగిండు.
నాకు తలకాయ ఏడ పెట్టుకోవాల్నో తెలువలే,
నా కుట్టు కారుతున్నది అందరి ముంగట.

పుట్టి నడిపే సైదులు బీడి పక్కకు తీసి అన్నడు:
"మునగనియ్యిన్రి.
దూప తీరినంక కట్టె ఉబ్బుతది,
తాడు తానే బిగుస్తది."

మూడు దినాలు ముంచి పెట్టినం.
నాలుగోనాడు తోడి చూస్తే
గంటకు పదకొండు మానికెల నీళ్లు.
పదకొండు! మేడం రాసుకున్నది
ఎకరానికి పంట లెక్క రాసినంత సంబురంగ.

చాప ఎత్తినం. గాలి లేదు.
పారుడు కూడ లేదు,
దిగువ డ్యాం నిలబెట్టిన నీళ్లు ఇవి.
ఓడకైతే నకలు తీసినం.
ఆనాటి ఏరును ఏ సుతారి చెక్కాలె?

పగటీలి ఎక్కడినుంచో పడమటి గాలి లేచింది.
మిల్లు గొట్టం కింద బస్తా నిండినట్టు
చాప నిండింది,
కుట్లన్ని ఒక్కసారి కిర్రుమన్నయి.
నేను ఊపిరి పట్టుకున్న.
అర్ధ మైలు పోయినం, అడ్డంగ,
పోయి సర్కారు తుమ్మల ఇరికినం.
ముత్తమ్మ నవ్వింది, నా మొకం చూసి,
మానికెతోని నీళ్లు పారబోసుకుంటనే.

మల్ల మిల్లు. మల్ల బియ్యం దుమ్ము.
నా చెయ్యి ఎరుకలేకనే
బస్తా మూతికి రెండు పేటల అడ్డకుట్టు వేస్తున్నది.
సేటు మొత్తుకుంటడు:
"సుతిలి ఊకె వస్తదా?
పోయేది సూర్యాపేట దాకనే గదా!"

నేను తల ఊపిన.
దబ్బణం లోపలికి దింపి
అవతలి దిక్కు నుంచి గుంజేటామె కోసం
జరంతసేపు ఆగిన.